పక్షుల్ని లెక్కపెడితే ఏమొస్తుంది? ఐల్ ఆఫ్ మే చెప్పే జవాబు

ఈ ఎపిసోడ్‌లో మనం స్కాట్లాండ్ వెళ్తున్నాం. కోటలు చూడ్డానికి కాదు, ఒక బుల్లి దీవి చూడ్డానికి. పేరు ఐల్ ఆఫ్ మే. ఎడిన్‌బరాలో చదువుకునే తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు కదా, ఆ ఊరి ముందున్న సముద్రపు పాయ చివర్లో ఉంటుంది ఇది. పొడవు రెండు కిలోమీటర్లు లేదు, వెడల్పు అర కిలోమీటర్ లోపే. ఊళ్లంటూ ఏమీ లేవు. సీజన్‌లో కాపలా సిబ్బంది, పరిశోధకులు ఉంటారు. మిగతాదంతా పక్షులదీ సీల్స్‌దీ.

ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా పడవలు తిరుగుతాయి. నేను జూన్‌లో వెళ్లాను. పడవ దిగగానే మనకి స్వాగతం చెప్పేది ఆర్కిటిక్ టెర్న్. స్వాగతం అంటే ముక్కుతో నెత్తి మీద పొడవడమే! దాని గూడు దారి పక్కనే నేల మీద ఉంటుంది మరి. అది మనలో అన్నిటికంటే ఎత్తుగా కనిపించేదాన్నే పొడుస్తుంది. అందుకే చెయ్యి పైకెత్తి నడవమంటారు. ఈ పిట్ట బరువు వంద గ్రాములే. కానీ ఏటా ఆర్కిటిక్ నుంచి అంటార్కిటికా వైపు వెళ్లి వచ్చే జాతి ఇది.

తర్వాత పఫిన్. నల్ల కోటు, తెల్ల పొట్ట, రంగుల ముక్కు. రీల్స్‌లో చూసే ఉంటారు. నోట్లో పది చేపలు అడ్డంగా పట్టుకుని కూడా ఇంకో చేపను పట్టగలదు. ఎలాగంటే నాలుక మీద, అంగిలి మీద ముళ్లలాంటివి ఉంటాయి. పట్టిన చేపను నాలుకతో పైకి నొక్కి, మళ్లీ ముక్కు తెరుస్తుంది. ఇది మట్టిలో బొరియలో ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. మనం దారి తప్పి గడ్డి మీద అడుగేస్తే ఆ బొరియ కూలిపోవచ్చు. లోపల పిల్ల ఉంటే అంతే సంగతులు. ఒక్క ఫోటో కోసం దారి దిగకూడదనేది అందుకే.

గిల్లెమాట్ కథ ఇంకా విచిత్రం. నిటారు రాతి గోడ మీద గూడు లేకుండానే గుడ్డు పెడుతుంది. పిల్లకి మూడు వారాలు వచ్చేసరికి, రెక్కలు పూర్తిగా రాకముందే, పై నుంచి సముద్రంలోకి దూకేస్తుంది. కింద నాన్న ఎదురుచూస్తుంటాడు. అక్కణ్ణుంచి పెంపకం అంతా నాన్నదే.

సరే, ఇప్పుడు అసలు పాయింట్‌కి వద్దాం. ఈ దీవి గొప్పతనం పక్షులు ఎక్కువ ఉండటం కాదు. అక్కడ 1973 నుంచి ప్రతి ఏడాదీ అవే గూళ్లను, అదే చోటు నుంచి, అదే పద్ధతిలో గమనిస్తున్నారు. ఎన్ని గూళ్లు, ఎన్ని పిల్లలు ఎగిరాయి, తల్లిదండ్రులు ఏ చేప తెచ్చాయి. అంతే, చాలా బోరింగ్ పని. పఫిన్లనైతే నేరుగా లెక్కపెట్టలేం, సగం లోపల, సగం సముద్రంలో ఉంటాయి. అందుకే కొన్నేళ్లకోసారి వసంతంలో, కొత్తగా తవ్విన మట్టి, రెట్టలు చూసి వాడకంలో ఉన్న బొరియల్ని లెక్కపెడతారు. 2003లో సుమారు 69,000 జంటలు తేలాయి. 2008లో చూస్తే బాగా తగ్గిపోయాయి. లెక్క లేకపోతే ఆ తగ్గుదల కంటికి ఆనదు. నలభై వేల జంటలున్నా చూసేవాళ్లకి 'అబ్బో, ఎన్ని పక్షులో' అనే అనిపిస్తుంది కదా!

ఈ లెక్కలతో ఏమొస్తుంది అంటారా? కిట్టివేక్ అనే సన్నటి సముద్రపు పక్షి ఉంది. దాని పిల్లలకి ముఖ్యమైన తిండి శాండ్ ఈల్, వేలంత పొడవుండే సన్న చేప. 1990లలో ఆ దగ్గరి సముద్రంలో వాణిజ్య పడవలు వీటిని భారీగా పట్టాయి. మనుషులు తినడానికి కాదు, చేప పిండి, నూనె కోసం. మన భీమవరం వైపు రొయ్యల మేతలో చేప పిండి కలుపుతారు చూడండి, అలాంటిదే. గూళ్లలో పిల్లలు బతకడం తగ్గిపోయిందని నోటు పుస్తకాలు చూపించాయి. 2000లో ఆ ప్రాంతంలో శాండ్ ఈల్ వేట ఆపేశారు. 2024లో స్కాట్లాండ్ తన జలాలన్నిటిలో ఆపేసింది. సముద్రం వేడెక్కడం అనే సమస్య మిగిలే ఉంది, అది వేరే సంగతి. కానీ పడవలు ఆగాయంటే, ఎవరో ఏళ్ల తరబడి చలిలో కూర్చుని గూళ్లు లెక్కపెట్టబట్టే.

ఇక సీల్స్. వేసవిలో బండల మీద పడుకుని కనిపిస్తాయి. సెప్టెంబర్ తర్వాత సందర్శకులకి దీవి మూసేస్తారు. అప్పుడే గ్రే సీల్ తల్లులు ఒడ్డెక్కి పిల్లల్ని కంటాయి. తెల్లటి బొచ్చు, పుట్టినప్పుడు బరువు 14 కిలోల దాకా. తల్లి పాలలో దాదాపు 60 శాతం కొవ్వే. పిల్ల రోజుకి రెండు కిలోల వరకు పెరుగుతుంది. ఈ 18 రోజులూ చాలావరకు తల్లి ఏమీ తినదు, తన ఒంట్లో కొవ్వునే పాలుగా మారుస్తుంది. రీచార్జ్ లేని డేటా ప్యాక్ అనుకోండి. మనం దగ్గరికెళ్లి బెదరగొడితే అది నీళ్లలోకి పరుగెత్తుతుంది, ప్యాక్ వృథా. కొన్నిసార్లు పిల్ల తప్పిపోతుంది, ఆకలితో చనిపోతుంది. అందుకే పరిశోధకులు పైనుంచి తీసిన ఫోటోల్లో పిల్లల్ని లెక్కపెడతారు. ఎక్కడైనా సీల్ తల ఎత్తి మనవైపు చూసిందంటే, మనం ఇప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లినట్టు. వెనక్కి రావాలి. డ్రోన్ అయితే బ్యాగ్‌లోంచే తీయకూడదు.

స్కాట్లాండ్ వెళ్లలేం కదా అంటే, మన దగ్గరా ఇదే సూత్రం. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టులో గూడబాతులు గూళ్లు పెడతాయి. అక్కడ కూడా దూరం నుంచే చూడాలి. మన తీరానికి డాల్ఫిన్ కొట్టుకొస్తే చుట్టూ చేరి సెల్ఫీలు తీయకుండా, జనాన్ని దూరం జరిపి అటవీ శాఖకి ఫోన్ చేయండి. ప్రతి జనవరిలో ఆసియా నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది, 1987 నుంచి. వాలంటీర్లు ఎవరైనా చేరొచ్చు. మీ ఫోన్‌లో ఈబర్డ్ యాప్ ఉచితం. వారానికోసారి మీ ఊరి చెరువు దగ్గర పదిహేను నిమిషాలు నిలబడి, కనిపించిన పక్షుల్ని అందులో ఎక్కించండి. మొదటి నెల బోర్ కొడుతుంది. ఏడాది తర్వాత మీ చెరువు గురించి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఇవాళ్టికి ఇంతే అండీ. ఈ వారం లెక్కపెట్టి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.