చెన్నపట్నమున తెలుగు పాట

చెన్నపట్నమున నివసించుచు బిడ్డలకు తెలుగు నేర్పుట వలన ప్రయోజనమేమని కొందరు తల్లిదండ్రులు మమ్ము అడుగుచుందురు. ఉద్యోగమునకు ఇంగ్లీషు కావలెను. ఇరుగుపొరుగుతో మెలగుటకు తమిళము కావలెను. అదియునుగాక 2006వ సంవత్సరపు శాసనముతో తమిళము ఈ రాష్ట్రమున విధిగా చదువవలసిన భాషయైనది. ఇక తెలుగు ఎందులకు? ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి పలు సమాధానములు కలవు. వానిలో సంగీతమునకు సంబంధించిన ఒక్క సమాధానమును మాత్రము ఇచట విన్నవింపదలచితిమి.

1927 డిసెంబరులో ఈ నగరమున జరిగిన అఖిల భారత సంగీత మహాసభకు ఫలితముగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడెను. నేడు ధనుర్మాసము వచ్చినదనిన నగరమున సభలన్నియు కచ్చేరీలతో నిండిపోవును. వానిలో తెలుగు పాట లేని కచ్చేరి అరుదు. అయితే తెలుగు పాట అనగా ఒక్కటే తీరు కాదు. దాని తీరులను తెలిసికొన్నచో మన ఆస్తి ఎంతటిదో తెలియును.

మొదటిది కృతి. పల్లవి, అనుపల్లవి, చరణము అను అంగములతో రాగభావమును, మాటభావమును ఒక్కటిగా అల్లినది కృతి. త్యాగరాజస్వామి (1767–1847) తిరువారూరున జన్మించి తిరువయ్యారున జీవించెను. తమిళదేశమున పుట్టి పెరిగియు ఇంటి భాషయైన తెలుగులోనే ఆయన కృతులలో అధికభాగము రచించెను. ఆయన ఈ ప్రాంతమునకు వచ్చినపుడు తిరువొత్తియూరు త్రిపురసుందరిపై ఐదు, కోవూరు సుందరేశ్వరునిపై ఐదు కృతులు వెలసినవి. తిరువొత్తియూరు నేడు మన నగరములోని భాగమే; కోవూరు నగరపు అంచుననే యున్నది. తంజావూరు బంగారు కామాక్షిని కొలిచిన శ్యామశాస్త్రి (1762–1827) తోడి, భైరవి, యదుకులకాంభోజి రాగములలో కూర్చిన స్వరజతులును తెలుగే. కృతిలో సంగతులు అనునవి యుండును. ఒకే పాదమును స్వల్పభేదములతో మరల మరల పాడుట సంగతి. మాట తెలియని వానికి అది గొంతు నేర్పుగా మాత్రమే తోచును. మాట తెలిసిన వానికి ఒకే మొర అంతకంతకు ఆర్తి పెంచుకొని పలుకుచున్నట్లు వినబడును.

రెండవది పదము. ఇది విళంబ కాలమున, తొందర లేక నడచునది. నాయిక తన చెలితోనో, ప్రియునితోనో పలుకు మాటలే పదములో ఎక్కువ. కృష్ణా జిల్లా మొవ్వ గ్రామముతో సంబంధముగల క్షేత్రయ్య పదునేడవ శతాబ్దమున మువ్వగోపాల ముద్రతో పదములు రచించి మధుర, తంజావూరు నాయకరాజుల మన్నన పొందెను. ఆ పదములను నాట్యకత్తెలు, గాయనీమణులు తరతరములుగా కాపాడిరి. మన జార్జిటౌనులోని వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇల్లు వానికి పెట్టనికోటగా నుండెను. ఆమె మనుమరాండ్రు బృంద, ముక్త వానిని గానమున నిలిపిరి. మరియొక మనుమరాలు బాలసరస్వతి (1918–1984) నాట్యమున నిలిపెను. పదమునకు చెల్లెలు వంటిది జావళి. నడక చురుకైనది, మాట తేలికైనది. ధర్మపురి సుబ్బారాయరు, పట్నం సుబ్రహ్మణ్యయ్యరు మున్నగువారు జావళులు రచించిరి. పట్నం అను పేరు ఆయనకు ఈ నగరమున నివసించుట చేతనే వచ్చినది.

మూడవది సంకీర్తనము. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనములు తిరుమలలో రాగిరేకులపై చెక్కబడి యుండెను. ఇరువదవ శతాబ్దమున అవి వెలికివచ్చి అచ్చయ్యెను. రేకులపై రాగముల పేర్లే గాని స్వరములు లేవు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి (1893–1979) వంటి పెద్దలు వానిలో పెక్కింటికి స్వరములు కూర్చిరి. భద్రాచల రామదాసు కీర్తనములు భజనలకు పుట్టినిల్లు. ఒకరు అందుకొనగా పదుగురు పాడవచ్చును. గొప్ప గాత్రశిక్షణ అక్కరలేదు. ఈ నగరముననే నివసించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు (1930–2016) వానిని ఇంటింటికి చేర్చిరి.

నాలుగవది ఆడుచు పాడు నాటకము. తంజావూరు చెంత మెలట్టూరు గ్రామమున భాగవతమేళ నాటకములు నేటికిని నరసింహ జయంతి సమయమున ప్రదర్శింపబడుచున్నవి. ఆ ఊరి వెంకటరామశాస్త్రి రచించిన ఆ నాటకములు తెలుగులో నున్నవి. స్త్రీ పాత్రలను సైతము పురుషులే ధరింతురు. నాటకము చూచువారిలో పెక్కుమంది తమిళులు.

ఐదవది జనులపాట. బుర్రకథలో కథకుడు తంబుర మీటుచు కథ నడుపగా, ఇరుప్రక్కల వంతపాటకులు గుమ్మెటలు వాయింతురు. వారిలో ఒకడు హాస్యము, మరియొకడు లోకవ్యవహారము పలుకును. షేక్ నాజర్ (1920–1997) ఈ కళకు మిక్కిలి పేరు తెచ్చెను. 1932లో భక్తప్రహ్లాదతో తెలుగు టాకీ వచ్చిన పిమ్మట, చాల దశాబ్దములు తెలుగు చిత్రములకు ఈ నగరమే కేంద్రముగా నుండెను. విజయనగరమున శాస్త్రీయముగా అభ్యసించిన ఘంటసాల (1922–1974) ఇచటనే స్థిరపడి, నాటకరంగపు పద్యమును, జనపదుల పాటను, రాగసంగీతమును సినిమా ద్వారా సామాన్యునికి అందించెను.

పాట మాత్రమే కాదు, పాటను నిలిపిన అక్షరమును చాలవరకు తెలుగే. ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులు 1904లో ప్రకటించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని తెలుగు లిపిలో అచ్చయ్యెను. ముత్తుస్వామి దీక్షితుల సంస్కృత కృతులు స్వరసహితముగా నిలిచినది ఆ గ్రంథముననే. చెన్నపట్నమున తచ్చూరు సింగరాచార్యుల సోదరులు ముద్రించిన గాయక సిద్ధాంజనము మున్నగు సంగీత గ్రంథములును తెలుగు లిపిలోనివే.

లిపి పోయిన పాటకు ఏమగునో టర్కీ దేశమును చూచి తెలిసికొనవచ్చును. అచటను మన రాగముల వంటి మకాములు కలవు. ఆస్థాన సంగీతము, మెవ్లెవీ సూఫీల భక్తి సంగీతము, సాజ్ అను తంత్రీవాద్యముతో పల్లెలలో తిరుగు ఆషికుల పాటలు ఇట్లు పలు తీరులు కలవు. 1928లో ఆ దేశము అరబ్బీ లిపిని విడిచి లాటిన్ లిపిని స్వీకరించెను. చదువు వ్యాప్తికై చేసిన ఆ మార్పు వలన, తాతలు వ్రాసికొన్న పాటల పుస్తకములు ప్రత్యేకముగా నేర్చినవారికి తప్ప మనుమలకు చదువరాకపోయెను. అచట లిపి మారినది ప్రభుత్వ శాసనము వలన. ఇచట మన లిపిని ఎవరును నిషేధింపలేదు. బిడ్డకు నేర్పకపోవుట చేతనే అది మన ఇండ్లనుండి తొలగిపోవుచున్నది.

తమిళ సోదరుల నుండి మనము నేర్వవలసినది ఒకటి కలదు. పాడినది వినువారికి అర్థము కావలెననియు, కచ్చేరీలలో తమిళ పాటకు తగిన చోటు కావలెననియు కోరి వారు 1943లో తమిళ ఇశై సంఘమును స్థాపించిరి. ఆ కోరిక న్యాయమైనది. అర్థము తెలిసి పాడవలెనను పట్టుదల వారికి కలిగెను. మనకు పాటలు కొరత లేదు. ఆ పట్టుదలయే కొరతగా నున్నది. తెలుగు ఇంటిభాష కాని గాయకులు ఎందరో ఇంగ్లీషు, తమిళ అక్షరములలో సాహిత్యము వ్రాసికొని, అర్థము అడిగి తెలిసికొని, శ్రద్ధతో పాడుచున్నారు. తెలుగింటి బిడ్డయు అట్లే పరాయి అక్షరములలో వ్రాసికొనుట మేము చూచుచున్నాము. తమిళ, ఇంగ్లీషు లిపులలో ద, ధ భేదము నిలువదు. గుర్తులు చేర్చుకొన్ననే తప్ప పలుకు చెడును. పలుకు చెడిన అర్థము చెడును.

కావున తల్లిదండ్రులకు మా మనవి ఇది. తమిళమును బాగుగా నేర్పుడు, ఇంగ్లీషును నేర్పుడు. వానితోపాటు వారమునకు ఒక్క పాటను ఎన్నుకొనుడు. కృతి కానిండు, రామదాసు కీర్తన కానిండు, అమ్మమ్మ పాడు లాలిపాట కానిండు. దానిని బిడ్డచేత తెలుగు అక్షరములలో స్వహస్తముతో వ్రాయింపుడు. తెలియని మాటకు అర్థము ఇంటి పెద్దలను అడిగింపుడు. ఇంట తెలియనిచో మా ఉపాధ్యాయులను అడుగుడు. చెప్పుటకు వారు సిద్ధముగా నున్నారు. ఒక సంవత్సరము ఇట్లు జరిగిన బిడ్డ చేతిలో ఏబది పాటల పుస్తకము నిలుచును. దానిని చదువగల బిడ్డకు తెలుగు ఎందులకు అను ప్రశ్నకు మేము సమాధానము చెప్పవలసిన పని యుండదు.