మీకు తెలుసా? క్యాన్సర్ నొక్కిపట్టే బ్రేకు

మన రక్తంలోని టి కణాలు క్యాన్సర్ కణాలను గుర్తుపట్టి చంపగలవు. అవి అదుపు తప్పి సొంత అవయవాల మీదే పడకుండా ఒంట్లో సహజంగానే కొన్ని బ్రేకులుంటాయి. చాలా కణుతులు ఆ బ్రేకులనే నొక్కిపట్టి బతికిపోతాయి.

• 1891లో న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ ఒక క్యాన్సర్ రోగికి కావాలనే బ్యాక్టీరియా ఎక్కించారు. ఇన్ఫెక్షన్ వస్తే ఒళ్లు కణితి మీద కూడా తిరగబడుతుందని ఆయన నమ్మకం.

• 1990లలో కాలిఫోర్నియాలోని బర్కిలీలో శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్ సీటీఎల్ఏ-4 అనే బ్రేకును యాంటీబాడీతో అడ్డుకున్నారు. ఎలుకల్లో కణుతులు మాయమయ్యాయి. ఆ దారిలో తయారైన ఇపిలిముమాబ్ అనే మందుకు 2011లో అమెరికా అనుమతి దొరికింది. పీడీ-1 బ్రేకును కనిపెట్టిన జపాన్ శాస్త్రవేత్త తసుకు హొంజోతో కలిసి ఆలిసన్ 2018లో నోబెల్ అందుకున్నారు.

• అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు 2015లో, 90 ఏళ్ల వయసులో, మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మెదడు దాకా పాకింది. సర్జరీ, రేడియేషన్‌తో పాటు పీడీ-1ను అడ్డుకునే పెంబ్రోలిజుమాబ్ అనే మందు ఇచ్చారు. ఆ డిసెంబరు స్కాన్‌లో క్యాన్సర్ జాడ లేదు. ఆయన నూరేళ్లు బతికారు.

• కార్-టి చికిత్సలో రోగి టి కణాలనే బయటికి తీసి, జన్యువు మార్చి, తిరిగి ఎక్కిస్తారు. అమెరికాలో దీనికి తొలి అనుమతి 2017లో, లుకేమియా అనే రక్త క్యాన్సర్‌కు వచ్చింది.

• ఇలా ఒంటి రక్షణ కణాలతోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే ఇమ్యునోథెరపీ అందరికీ పనిచేయదు. బ్రేకు వదిలితే చర్మం, పేగులు, థైరాయిడ్ కూడా దెబ్బతినవచ్చు. చికిత్సలో ఉండగా విరేచనాలు, దద్దుర్లు, ఆయాసం వస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలి.