ఓడ ఎక్కిన ధర్మరాజు

పాత చిత్తూరు జిల్లాకు సముద్రము లేదు. 1911 ఏప్రిల్ 1వ తేదీన ఉత్తర ఆర్కాటు నుండి కొన్ని తాలూకాలను, కడప నుండి కొన్నింటిని విడదీసి ఆ జిల్లాను ఏర్పరచిన నాటి నుండి, 2022లో సూళ్ళూరుపేట వైపు తీరభూమి క్రొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరువరకు, ఇచ్చటి జనులకు కడలి యనగా మద్రాసు పోయినప్పుడు చూచి వచ్చెడి వింతయే గాని బ్రతుకులో భాగము కాదు. చెరువు నిండునో నిండదో యని మబ్బుల వంక చూచుచు కాలము గడపెడి ఈ మెట్టనేల నుండి ఒకప్పుడు వేలాది జనులు ఓడలెక్కి హిందూ మహాసముద్రమును దాటిపోయిరన్న సంగతి నేడు మనలో అనేకులకు తెలియదు. తెలియకుండుటలో వింత లేదు. పోయినవారు తమ యాత్రను వ్రాసి పెట్టుకొనెడి వారు కారు. వ్రాసిన గుమాస్తాలకు వారి మనస్సుతో పని లేదు. భవసాగరమని, సంసారజలధియని పుంఖానుపుంఖముగా పాడిన మన భక్తకవులలో నిజముగా ఓడ యెక్కినవారెందరో నాకు సందేహమే. ఓడ యెక్కినవారిలో కవులైనవారు అంతకంటె అరుదు.

ఆంగ్లేయ సామ్రాజ్యమున 1834లో బానిసత్వము రద్దు కాగా, చెరకుతోటల దొరలకు చవుకగా పనిచేయు చేతులు కావలసివచ్చినవి. మారిషసు దీవి మొదట మన దేశమువైపు చూచినది. పిమ్మట ఆఫ్రికా దక్షిణతీరమందలి నాటల్ చూచినది. ఒప్పందము ఐదేండ్లకు, నాటల్‌లో జీతము మొదటి యేడు నెలకు పది షిల్లింగులు, ఆపై ఏటేట ఒక్కొక్క షిల్లింగు పెంపు. నాటల్‌కు కూలీలను మోసిన మొదటి ఓడ పేరు ‘ట్రూరో’. అది 1860 అక్టోబరు రెండవ వారమున మద్రాసు విడిచి, నవంబరు 16వ తేదీన 342 మందితో డర్బన్ రేవు చేరినది. నాటి నుండి 1911 వరకు, నడుమ కొన్నియేండ్లు ఆగినను, నాటల్‌కు పోయిన వారి లెక్క 1,52,184. అందు ఇంచుమించు మూడింట రెండు వంతులు మద్రాసు రేవున ఎక్కినవారే. మద్రాసులో ఎక్కినవారిలో ఉత్తర ఆర్కాటు జిల్లా వారి సంఖ్య మిక్కిలి పెద్దది, ఆ జిల్లాకు అప్పటి ముఖ్యపట్టణము మన చిత్తూరు.

ట్రూరో తెరచాపలెత్తిన ఆ దినములు పెరటాసి నెలలోనివి. తిరుపతి చుట్టుప్రక్కల పుట్టిన వారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. పెరటాసి శనివారములలో నామము దిద్దుకొని, ఇంటింట గోవిందనామము పలుకుచు బియ్యము బిచ్చమెత్తి, ఆ బియ్యముతో స్వామికి తళిగ వేయు నెల అది. కొండకు నడచివచ్చు జనము దారులన్నియు నింపెడి ఆ నెలలో, కొండకు వీపు త్రిప్పి తూర్పుగా మద్రాసుకు నడచినవారు కొందరు కలరన్నమాట.

ఎందుకు పోయిరి? కారణములలో కరువు ముందు నిలుచును. 1876 నాటి ధాత కరువును గూర్చి మా తాతల తరమువారు తమ తాతలు చెప్పగా విన్నది చెప్పెడివారు: గంజి కేంద్రములు, కలబంద దుంపలు, విడిచి పోయిన ఇండ్లు. అప్పు, కులపుపోరు, ఇంటిలో కలహము, వెంట తిరుగు ఏజెంటు తియ్యని మాటలు తక్కిన కారణములు. మద్రాసు చేరిన వారిని డిపోలో ఉంచి, వైద్యునిచే పరీక్ష చేయించి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చలు పుస్తకములోనికి ఎక్కించి, ఒక అంకె యిచ్చెడివారు. అటుపై వారిని పిలుచుట ఆ అంకెతోనే.

మద్రాసుకు అప్పుడు కట్టిన హార్బరు లేదు. రేవుకట్ట పనులు మొదలైనది 1870ల నడుమనే. ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసి నిలుచును. ఒడ్డున విరుగు అలలను దాటించుటకు మసూలా పడవలుండెను. మేకు ఒక్కటియు కొట్టక, పలకలను కొబ్బరినారతో కుట్టి చేసిన ఆ పడవ, అల తాకినప్పుడు విరుగక వంగును. చిత్తూరు చెరువులోని పుట్టి తప్ప మరొక నావను ఎరుగని మనిషి, బిడ్డను చంకనెత్తుకొని, ఆ కుట్టుపడవలో నిలిచి, ముందు కొండవలె లేచు అలను చూచిన క్షణమును ఎవడును వ్రాయలేదు. ఈ యాత్ర మొత్తములో నేను చదువగోరు పుట ఏదని అడిగినచో అదియే యందును.

ఓడలో ఒంటరి పురుషులను ముందుభాగమునను, కుటుంబములను నడుమను, ఒంటరి స్త్రీలను వెనుకభాగమునను ఉంచుట నియమము. బియ్యము, పప్పు, నెయ్యి, చింతపండు, ఎండుచేపలు కొలిచి యిచ్చెడివారు. ఈశాన్యపు గాలి నిలుకడగా వీచు కాలమున మద్రాసు నుండి నైరుతిగా సాగుట ఓడకు సులువు. నాటల్‌కు నెలకు పైచిలుకు పట్టెను. ఇట్లే కూలీలు పోయిన ఫిజీకి దూరము మరి యెక్కువ: తెరచాప ఓడకు సగటున 73 దినములు, పొగయోడకు 30. కలరా గాని మశూచి గాని పొడసూపెనా, అందరును ఒక్క కప్పు క్రింద నుండువారే. చచ్చినవారిని సముద్రమునకే యిచ్చెడివారు. పిండము లేదు, గట్టు లేదు, సమాధిరాయి లేదు.

సముద్రయానమును మన ధర్మశాస్త్రములు నిషేధించినవని అందరము వినియున్నాము. బౌధాయనుడు పాతిత్యమును తెచ్చు కర్మలలో దానిని మొట్టమొదట చెప్పినాడు. వినోదమేమనగా, అదే గ్రంథమున ఆయన ఉత్తరాదివారికి ప్రత్యేకములైన ఆచారములు ఐదింటిని ఎన్నుచు, సముద్రమునకు పోవుట అందులో ఒకటి యనినాడు. అనగా ఒక్కరును చేయని పనిని నిషేధింపలేదు, అనేకులు చేయుచున్న పనినే నిషేధించినాడు. మన తెలుగునేలపై రాజులు ఈ నిషేధమును పట్టించుకొనిన జాడ తక్కువ. కాకతి గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవున నిలిపిన అభయశాసనము, గాలికి చెదరి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలవంతముగా లాగుకొనెడివారని, తాను మాత్రము ప్రాణముకంటె ధనమును ప్రియముగా నెంచి కడలి నెక్కు సాహసికులపై కరుణచే సుంకము తప్ప మరేమియు గ్రహింపనని, చెప్పుచున్నది. నాకు ధర్మమనిపించునది ఈ శాసనము.

అయినను పాలమనేరు రైతుకూలీ బౌధాయనుని చదివి భయపడెననుట హాస్యాస్పదము. అతని భయము వేరు. తన దేవత ఊరి పొలిమేరలో నున్నది. ఊరిని కాచుట ఆమె పని; పొలిమేర దాటినవానిని ఎవరు కాతురు? వెంకటేశ్వరుడైనచో ఏడుకొండలపై నుండి ఎంత దూరమైనను చూడగలడని నమ్మవచ్చును. పసుపుగుడ్డలో కాసు ముడుపు కట్టి, బ్రతికి వచ్చినచో కొండకు తెచ్చెదనని మ్రొక్కి ఎందరు బయలుదేరిరో ఊహింపవలసినదే. గంగమ్మ సంగతి అట్లు కాదు. గంగమ్మకు ఊరు కావలెను, వేపచెట్టు కావలెను, అంబలి పోయుటకు కుండ కావలెను. కావున వారు చేరిన చోట మొదట ఊరిని చేసికొనిరి. తోటల అంచున మట్టిగోడలతో, రేకులతో గుళ్ళు లేచినవి. కాసులు కూడిన పిమ్మట ఇటుకతో తిరిగి కట్టిరి. డర్బన్‌కు ఉత్తరముననున్న మౌంట్ ఎడ్జ్‌కూంబ్ చెరకుతోటలో 19వ శతాబ్దపు చివరి యేండ్లలో వినాయకుని గుడి కట్టిన శిల్పి పేరు కిష్టప్ప రెడ్డి. పేరు వినగానే మనవాడని తెలియుచున్నది గదా!

ఇక ధర్మరాజు మాట. పుత్తూరు, నగరి, సత్యవేడు వైపు ఊళ్ళలో పెరిగినవానికి ‘తిరునాళ్ళు’ అన్న మాటకు మొదట తోచు అర్థము భారతపు తిరునాళ్ళే. పంట చేతికి వచ్చి పొలములు ఖాళీ యైన ఎండకాలమున ద్రౌపదీసమేత ధర్మరాజస్వామి గుడి ముందర పదునెనిమిది దినములు పగలు హరికథ, రాత్రి వీధినాటకము. బండెడు అన్నముతో భీముడు బకాసురుని మీదికి పోవును. ఒకనాడు ఊరి వెలుపలి మిట్టపై మింటి నంటు తపస్సు మ్రాను నాటుదురు. అర్జున వేషధారి పద్యములు పాడుచు మెట్టు మెట్టుగా దానిపై కెక్కి, పైనుండి నిమ్మపండ్లు, విభూతి విసరును. సంతానము లేని స్త్రీలు తడిబట్టలతో మ్రాని చుట్టును సాగిలపడి యుందురు. చిన్నతనమున మా అవ్వ భుజము పట్టుకొని నేను ఆ అర్జునుని చూచినప్పుడు, గాలికి మ్రాను కొంచెము ఊగినదని, నాకు కడుపులో తిప్పినదని జ్ఞాపకము. చివరిదినమున ఉదయము మట్టితో చేసిన నిలువెత్తు దుర్యోధనుని తొడ విరుగగొట్టుట. సాయంకాలము పసుపుబట్టలు కట్టి, కంకణము ధరించిన వారు నిప్పుల గుండము తొక్కుట.

ఈ గుండము ఓడ ఎక్కినది. నాటల్‌లో ద్రౌపదమ్మ పేర నిప్పులు తొక్కుదురు. ఫ్రెంచివారి రెయూనియన్ దీవిలోను తొక్కుదురు; అచ్చట ఆమె పేరు ‘పండియాలె’ అయినది, మన పాంచాలియే నాలుకలు మారి నలిగిన రూపము. మారిషసులో తొక్కుదురు, ఫిజీ రాజధాని సువాలో మారియమ్మ గుడియొద్ద తొక్కుదురు. ఇదంతయు చిత్తూరువారి సొత్తని నేననను. ద్రౌపది కొలువు సెంజి సీమ నుండి ఆర్కాటుల మీదుగా మనవరకు వ్యాపించినది; అరవవారు, తెలుగువారు కలిసి తొక్కిన గుండమది. ఓడలోను వారు కలిసియే పోయిరి.

కాని దేవుళ్ళను చూచి రేవును పోల్చుకొనవచ్చునని నా నమ్మకము. మారిషసులోని తెలుగువారు సింహాద్రి అప్పన్నకు పూజ చేయుదురు, అమ్మోరి పండుగ చేయుదురు, రామభజనలు చేయుదురు. ఉగాది అచ్చట ప్రభుత్వపు సెలవుదినము. అప్పన్న పేరు వినగానే వారిలో అనేకుల పూర్వులు విశాఖ, గోదావరి తీరముల వారని గ్రహింపవచ్చును. నాటల్‌లోనో, పెరటాసి వ్రతము పెద్దది: నెల్లాళ్ళు మాంసము మాని శనివారములు గోవిందుని కొలుతురు. గంగమ్మకు అంబలి పోయుదురు. ఆంగ్లము తప్ప ఎరుగని మునిమనుమలు దానిని ‘పారిడ్జ్ ప్రేయర్’ అందురు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో అంబలి త్రాగినవానికి ఆ మాట విన్నచో నవ్వును వచ్చును, కన్నులును చెమర్చును. నాయుడు ‘నైడూ’ అయినాడు, భాష ఇండ్లలో సన్నగిల్లినది, 1931లో వెలసిన దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ దానిని నిలుపుటకు పాటుపడుచున్నది; అంబలి మాత్రము ఎవరును నేర్పకయే నిలిచినది. పోయినవారు వ్రాసి పెట్టిన గ్రంథమేదని అడిగినచో నేను చూపునది దానినే.

మన భాషలో దాటుటకును మోక్షమునకును మాట ఒక్కటే: తరించుట. తరణి యనగా నావ. ఒడిస్సా తీరవాసులకు కొంగుబంగారమైన తారాతారిణి అమ్మవారి పేర మన నౌకాదళము ఒక తెరచాప నావకు ‘తారిణి’ యని పేరు పెట్టినది. యాబదియైదు అడుగుల ఆ నావలో ఆరుగురు స్త్రీ అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుండి బయలుదేరి, 21,600 నాటికల్ మైళ్ళు చుట్టి, 254 దినములకు 2018 మే 21న తిరిగివచ్చిరి. వారిలో ఇరువురు తెలుగువారు: విశాఖకు చెందిన పి. స్వాతి, హైదరాబాదుకు చెందిన బి. ఐశ్వర్య. వారి ప్రయాణము దినదినము లోకమునకు తెలిసినది. చిత్రముగా తీసిరి కూడ. ట్రూరోలోని 342 మందికిని మిగిలినవి పుస్తకములో ఒక్కొక్క వరుస.

ఆ వరుసలు పోలేదు. నాటల్ ఓడల జాబితాలు దక్షిణాఫ్రికాలో భద్రముగా నున్నవి. వాటి నకలు చేతబట్టుకొని, ముత్తాత ఊరిని వెదకుచు అప్పుడప్పుడు కొందరు మన జిల్లాలకు వచ్చుచున్నారు. ఊరి పేరును విన్నది విన్నట్లు వ్రాసిన గుమాస్తా దానిని గుర్తుపట్టరాకుండ చేసియుండును; తాలూకాలు మారినవి, జిల్లాలును మారినవి. అట్టివారు మీ ఊరికి వచ్చినచో, ఈ పేరు గల ఊరు ఇచ్చట లేదని వెంటనే పంపివేయకుడు. పేరును బిగ్గరగా రెండుమూడు విధముల చదివి చూడుడు. ఊరిలో పెద్దవయస్సు వారిని పిలిపింపుడు. ధర్మరాజుల గుడి యున్నచో తాళము తీయించి చూపుడు. తిరునాళ్ళ దినములలో వచ్చినచో మరియు మేలు.