3.4 నేలమాళిగలో నీరు: ఆసన్న కారణ సూత్రం

నష్టపరిహారం నిర్ణయించేటప్పుడు ముందుగా నష్టానికి కారణమేమిటో చూస్తారు. దీన్నే ఆసన్న కారణ సూత్రం అంటారు. అమెరికాలో ఒక ఇంటి నేలమాళిగలో మోకాలి లోతు నీరు నిలిచిందనుకోండి. ఇంట్లోని నీటి పైపు హఠాత్తుగా పగిలితే సాధారణ గృహ బీమా వర్తిస్తుంది. మురుగునీరు వెనక్కి తన్నితే, అదనపు ప్రీమియంతో తీసుకున్న రక్షణ ఉండాలి. బయటి నుంచి వరద నీరు చేరితే ఆ పాలసీ వర్తించదు. ప్రత్యేక వరద బీమా అవసరం. ఇందుకోసం 1968లో జాతీయ వరద బీమా పథకం ఏర్పడింది. ఇందులోనూ నేలమాళిగలోని ఫర్నిచర్‌కు రక్షణ లేదు. పైగా కొత్త పాలసీ సాధారణంగా 30 రోజుల తర్వాతే అమలులోకి వస్తుంది. అంటే, వరద హెచ్చరిక విన్నాక పాలసీ కొన్నవారికి పరిహారం అందదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: నీరు ఒకటే అయినా పరిహారం ఎందుకు మారుతుంది?