మీకు తెలుసా? కంప్యూటర్ వేగం: చేత్తో సరిచేయాలా, సాఫ్ట్‌వేర్‌కు వదిలేయాలా?

కంప్యూటర్ మొరాయించగానే జనం రెండు వర్గాలవుతారు. కొందరు సెట్టింగుల్లోకి దిగి ఒక్కొక్కటే చేత్తో మార్చుకుంటారు. మిగతావాళ్లు ఏదో ఒక ఆప్టిమైజర్ డౌన్‌లోడ్ చేసుకుని ‘క్లీన్’ బటన్ నొక్కుతారు. నా మొగ్గు ముందే చెప్పేస్తాను. చేత్తో చేసుకోవడమే మేలు, అదీ ఏం మారుస్తున్నామో తెలిసినప్పుడే. తెలియకుండా మారిస్తే ఆ పని చేత్తో చేసినా, సాఫ్ట్‌వేర్‌తో చేసినా ఫలితం ఒక్కటే. ఈ విషయంలో చాలామంది దృష్టికి రాని సంగతులు కొన్ని చూద్దాం.

ప్రీఫెచ్ ఖాళీ చేస్తే కంప్యూటర్ వేగం తగ్గుతుంది

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కాలి. రన్ పెట్టెలో ‘టెంప్’ అని కొట్టాలి. తర్వాత అదే మాటకు అటూ ఇటూ పర్సెంట్ గుర్తులు పెట్టి మళ్లీ కొట్టాలి. ఆఖరున ‘ప్రీఫెచ్’. తెరుచుకున్న ప్రతి ఫోల్డర్లోనూ అన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టాలి. కంప్యూటర్ నేర్చుకున్న కొత్తలో మనలో చాలామందికి ఎవరో ఒకరు ఈ వరస నేర్పే ఉంటారు.

ఇందులో మొదటి రెండింటితో ఇబ్బంది లేదు. టెంప్ ఫోల్డర్లలో ఉండేవి తాత్కాలిక ఫైళ్లే కాబట్టి అవి పోతే కాస్త చోటు మిగులుతుంది. ప్రీఫెచ్ సంగతి వేరు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన ఏర్పాటు అది. మీరు ఒక ప్రోగ్రామ్ తెరవగానే, మొదటి 10 సెకన్లలో అది డిస్క్ మీద ఏయే ఫైళ్లను ఏ వరసలో చదువుతోందో విండోస్ రాసిపెట్టుకుంటుంది. ఈసారి తెరిచినప్పుడు ఆ రాత చూసి, కావలసినవన్నీ ముందుగానే మెమరీలోకి తెస్తుంది. ఆ ఫోల్డర్ ఖాళీ చేశామంటే ఆ రాసిపెట్టుకున్న పుస్తకం చింపేసినట్టే. విండోస్ మళ్లీ మొదటి నుంచీ రాసుకోవాలి, ఆ మేరకు ప్రోగ్రాములు ఆలస్యంగా తెరుచుకుంటాయి. పోనీ పేరుకుపోతుందా అంటే అదీ లేదు. ఎక్స్‌పీలో 128 ఫైళ్లకు చేరగానే పాతవాటిని విండోస్ తనే తీసేసేది. ఇప్పుడు ఆ పరిమితి పెరిగింది గానీ పద్ధతి అదే.

రిఫ్రెష్‌కు, ర్యామ్‌కు సంబంధం లేదు

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్ నొక్కితే ఐకాన్లు మళ్లీ గీసినట్టు కనిపిస్తాయి. జరిగేది అంతవరకే. మెమరీ ఖాళీ కాదు, ప్రాసెసర్ భారం తగ్గదు.

‘మెమరీని రెట్టింపు చేసే’ సాఫ్ట్‌వేర్ 6 లక్షల కాపీలకు పైగా అమ్ముడైంది

1995 నాటి మాట. ర్యామ్ ఖరీదైన రోజులు. అమెరికాలో సింక్రోనిస్ అనే కంపెనీ ‘సాఫ్ట్‌ర్యామ్ 95’ అమ్మింది. డేటాను కుదించి ఉన్న మెమరీనే రెట్టింపు చేస్తుందన్నది దాని ప్రచారం. మార్క్ రసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ లాంటి నిపుణులు దాన్ని విప్పి చూస్తే లోపల కుదింపు జరగడమే లేదని తేలింది. విండోస్ 3.1 మీద అది చేసిన పనల్లా డిస్క్ మీద మెమరీకి ఆసరాగా ఉండే పేజ్ ఫైల్ సైజు పెంచడం. ఆ పని కంట్రోల్ ప్యానెల్లో ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకున్నాక 1996లో వ్యవహారం రాజీతో ముగిసింది.

ఆ తరహా మెమరీ క్లీనర్లు ఇప్పటికీ ఉన్నాయి. బటన్ నొక్కగానే ఖాళీ మెమరీ అంకె అమాంతం పెరుగుతుంది, మనకు ఏదో మంచి జరిగిందనిపిస్తుంది. తెర వెనక జరిగేది ఏమిటంటే, నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకుంటున్న మెమరీ పేజీలను అవి బలవంతంగా బయటికి నెట్టేస్తాయి. మీరు బ్రౌజర్‌కో వర్డ్‌కో తిరిగి వెళ్లగానే ఆ పేజీలన్నీ మళ్లీ వెనక్కి రావాలి. మధ్యలో తగిలే ఆ చిన్న కుదుపు అందువల్లే. ఖాళీగా పడి ఉన్న ర్యామ్ వల్ల ఎవరికీ లాభం లేదు. అందుకే మళ్లీ అవసరం పడొచ్చనుకున్న వాటిని విండోస్ అందులో దాచి ఉంచుతుంది, వేరే ప్రోగ్రామ్ అడిగితే తక్షణం ఖాళీ చేసి ఇస్తుంది.

రిజిస్ట్రీ క్లీనర్లకు మైక్రోసాఫ్ట్ మద్దతు లేదు

ఈ మాట ఆ కంపెనీయే తన విధానంగా ప్రకటించింది. ఒకప్పుడు ‘రెగ్‌క్లీన్’ పేరుతో తనే ఇలాంటి పనిముట్టు ఇచ్చి, తర్వాత ఉపసంహరించుకుంది కూడా. ‘మీ రిజిస్ట్రీలో 800 దోషాలు’ అని ఎర్రక్షరాల్లో కనిపిస్తే గుండె గుభేలుమంటుంది. అయితే విండోస్ తన సెట్టింగులూ ప్రోగ్రాముల సెట్టింగులూ రాసుకునే ఈ రిజిస్ట్రీలో ఎంట్రీలు లక్షల్లో ఉంటాయి. పైగా విండోస్ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవదు, కొమ్మ నుంచి రెమ్మకు దిగుతూ తనకు కావలసిన చోటికే నేరుగా వెళ్తుంది. పక్కన పడి ఉన్న కొన్ని వందల పాత ఎంట్రీలు తీసేస్తే వేగంలో తేడా తెలియదు. తీయకూడనిది ఒక్కటి తీసేస్తే మాత్రం ప్రోగ్రామ్ తెరుచుకోదు, ఒక్కోసారి విండోసే లేవదు.

స్కాన్ ఫలితం స్కాన్‌తో పని లేకుండానే తేలిపోయిన సందర్భం ఉంది

నాకు ఈ జాబితాలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. అమెరికాలో ఆఫీస్ డిపో దుకాణాలు ‘పీసీ హెల్త్ చెక్’ అనే ఉచిత పరీక్ష చేసేవి. మొదట కస్టమర్‌ను నాలుగు ప్రశ్నలు అడిగేవారు: నెమ్మదిస్తోందా, వైరస్ హెచ్చరికలు వస్తున్నాయా, తరచూ ఆగిపోతోందా, పాప్‌అప్‌లు వస్తున్నాయా అని. వీటిలో ఏ ఒక్కదానికి టిక్ పెట్టినా చివర్లో మాల్‌వేర్ లక్షణాలు ఉన్నాయనే ఫలితం వచ్చేది. మధ్యలో తిరిగిన స్కాన్‌కూ ఆ ఫలితానికీ సంబంధం లేదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. ఆ దుకాణాలు, సాఫ్ట్‌వేర్ అందించిన సపోర్ట్ డాట్ కామ్ కలిసి 2019లో 3.5 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నాయి. 2024లో రెస్టోరో, రీఇమేజ్ అనే సైప్రస్ కంపెనీలు ఇలాంటి ఆరోపణల మీదే 2.6 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి.

కంప్యూటర్ గురించి ఏమీ తెలియని పెద్దవాళ్లు ఇలాంటి హెచ్చరిక చూస్తే కార్డు నంబరు ఇచ్చేస్తారు. ఇంట్లో పిల్లలు పూనుకుని వాళ్లకు ఈ ఒక్క సంగతి చెప్పి ఉంచాలి: ఉచితంగా స్కాన్ చేసి, బాగుచేయడానికి డబ్బడిగే ప్రోగ్రామ్ చూపించిన లెక్కను నమ్మవద్దని. బెదిరించే సందేశాలతో డబ్బు గుంజే క్లీనర్లను 2018 మార్చి 1 నుంచి విండోస్ డిఫెండర్ కూడా అవాంఛిత సాఫ్ట్‌వేర్‌గానే లెక్కిస్తోంది.

మంచి పేరున్న క్లీనర్ ద్వారానే దొంగ కోడ్ వచ్చింది

సీక్లీనర్ మోసపూరిత ప్రోగ్రామ్ కాదు, కోట్లమంది వాడినది. 2017లో హ్యాకర్లు దాన్ని తయారుచేసే సంస్థ సర్వర్లలోకే చొరబడి 5.33 వెర్షన్‌లో తమ కోడ్ కలిపారు. డిజిటల్ సంతకం సక్రమంగానే ఉండటంతో ఎవరికీ అనుమానం రాలేదు. ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 12 దాకా అదే అధికారికంగా అందుబాటులో ఉంది. దాదాపు 22.7 లక్షల మంది దించుకున్నారు. వాళ్లలో పెద్ద టెక్నాలజీ కంపెనీలకు చెందిన సుమారు 40 కంప్యూటర్లను ఎంచుకుని రెండో దశ దాడి చేశారు. శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్‌కు అడ్మినిస్ట్రేటర్ హక్కులు ఇవ్వక తప్పదు. ఆ హక్కుల విలువ దాడి చేసేవాళ్లకు బాగా తెలుసు.

చేత్తో చేసే మార్పుల్లోనూ మూఢనమ్మకాలున్నాయి

‘విండోస్ మీ ఇంటర్నెట్‌లో 20 శాతం దాచుకుంటోంది, గ్రూప్ పాలసీలో దాన్ని సున్నా చేయండి’ అన్న చిట్కా ఎక్స్‌పీ కాలం నుంచి తిరుగుతోంది. ప్రత్యేకంగా ప్రాధాన్యం కోరిన ప్రోగ్రామ్ ఏదైనా నడుస్తుంటే తప్ప, నూరు శాతం బ్యాండ్‌విడ్త్ అన్ని ప్రోగ్రాములకూ అందుతుందని మైక్రోసాఫ్ట్ అప్పట్లోనే వివరణ ఇచ్చింది. ఇంకొకటి, ఎంఎస్‌కాన్ఫిగ్ బూట్ ట్యాబ్‌లో ప్రాసెసర్ల సంఖ్య ఎంచుకునే చిట్కా. అక్కడ టిక్ లేకపోతే విండోస్ ఉన్న కోర్లన్నీ వాడుకుంటుంది. టిక్ పెట్టి అంకె ఎంచుకోవడమంటే అంతకు మించి వాడవద్దని ఆంక్ష పెట్టడమే. సాఫ్ట్‌వేర్‌లో లోపాలు వెతికేటప్పుడు ఇంజినీర్లకు పనికొచ్చే సెట్టింగ్ అది.

డిస్క్ క్లీనప్‌లో అన్నింటికీ టిక్ పెట్టే అలవాటు కొందరి ఫైళ్లను మింగేసింది

2018 అక్టోబరు అప్‌డేట్‌లో విండోస్ 10 డిస్క్ క్లీనప్ జాబితాలోకి ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డర్ కూడా వచ్చి చేరింది. చదవకుండా అన్ని గడుల్లో టిక్ పెట్టేవాళ్లు తాము దాచుకున్నవన్నీ పోగొట్టుకున్నారు. తర్వాతి వెర్షన్లలో దాన్ని తీసేశారు.

ఎస్ఎస్‌డీకి డీఫ్రాగ్ సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు

విస్టా కాలం నుంచి డీఫ్రాగ్ పని విండోస్ తనే షెడ్యూల్ ప్రకారం చేసుకుంటోంది. లోపల ఉన్నది హార్డ్ డిస్కో, ఎస్ఎస్‌డీయో విండోస్ 7 నుంచి గుర్తుపట్టి, ఎస్ఎస్‌డీ అయితే డీఫ్రాగ్‌కు బదులు ‘ట్రిమ్’ అనే ఆదేశం పంపుతోంది. తిరిగే డిస్క్ మీద కావలసిన చోటికి చేరడానికి 10 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. ఎస్ఎస్‌డీకి అది మిల్లీసెకన్‌లో పదో వంతు. ఈ తేడాను ఏ సెట్టింగూ, ఏ ఆప్టిమైజరూ పూడ్చలేదు. అందుకే పాత ల్యాప్‌టాప్ పట్టుకుని ఆప్టిమైజర్ చందా కట్టబోతున్నవారికి నేను గట్టిగా చెప్పేది ఒకటే: ఆ డబ్బుతో సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కో, మీ ఊళ్లో కంప్యూటర్ దుకాణానికో వెళ్లి హార్డ్ డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ వేయించండి.

షట్ డౌన్ చేస్తే కంప్యూటర్ పూర్తిగా ఆగదు

2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ ఉంది. షట్ డౌన్ చేసినప్పుడు విండోస్ కెర్నెల్, డ్రైవర్ల స్థితిని డిస్క్ మీద భద్రం చేసి, మళ్లీ ఆన్ చేయగానే అక్కడి నుంచే అందుకుంటుంది. కాబట్టి చిక్కుబడిన డ్రైవర్ మర్నాడూ అలాగే ఉండొచ్చు. రీస్టార్ట్ చేస్తేనే అంతా కొత్తగా మొదలవుతుంది. టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ కింద ‘అప్ టైమ్’ చూడండి. రోజూ షట్ డౌన్ చేసే కంప్యూటర్‌లో కూడా ఆ లెక్క రోజుల్లో ఉంటే కారణం ఇదే.

అన్నిటికన్నా పనికొచ్చే సాఫ్ట్‌వేర్ మనకు చూపిస్తుంది, తను నిర్ణయించదు

సాఫ్ట్‌ర్యామ్ గుట్టు విప్పిన రసినోవిచ్, కాగ్స్‌వెల్‌ల కంపెనీ నుంచి వచ్చినవే ‘ఆటోరన్స్’, ‘ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్’. ఆ కంపెనీని 2006లో మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఈ పనిముట్లు ఇప్పటికీ ఉచితమే. కంప్యూటర్ ఆన్ కాగానే తమంతట తాము మొదలయ్యేవన్నీ, టాస్క్ మేనేజర్‌లో కనబడనివి సహా, ఆటోరన్స్ వరసగా చూపిస్తుంది. అనుమానం వచ్చిన దాని పక్కన టిక్ తీసేస్తే ఆగిపోతుంది, ఏదైనా చెడితే టిక్ మళ్లీ పెడితే సరి. చేత్తో చేసే పనికీ, సాఫ్ట్‌వేర్‌కీ పొత్తు కుదిరేది ఇలాంటి చోటే. ఒకసారికి ఒక్కటే మార్చండి, రెండు రోజులు వాడి చూడండి, తర్వాతే రెండోది. ఒకేసారి 40 సెట్టింగులు మార్చేసే ఆప్టిమైజర్‌తో ఈ వీలు ఉండదు. ఏ మార్పు మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో వెతికి పట్టుకోవడం మీ వల్ల కాదు.

విండోస్ చేతికి అందని సెకన్లు కూడా ఉన్నాయి

టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్ పైమూల ‘లాస్ట్ బయోస్ టైమ్’ అని ఒక అంకె కనిపిస్తుంది. పవర్ బటన్ నొక్కాక, విండోస్ మొదలయ్యేలోపు మదర్‌బోర్డ్ ఫర్మ్‌వేర్ తీసుకున్న సమయం అది. అది 20, 30 సెకన్లు చూపిస్తుంటే స్టార్టప్ ప్రోగ్రాములు ఎన్ని ఆపినా, ఏ క్లీనర్ నడిపినా ఆ భాగం తగ్గదు. బయోస్‌లోకి వెళ్లి ఫాస్ట్ బూట్ ఆన్‌లో ఉందో లేదో, బూట్ వరసలో మీ డ్రైవ్ ముందుందో లేదో చూడాలి. ఒకసారి యూఎస్‌బీ పరికరాలన్నీ పీకేసి కూడా ఆన్ చేసి చూడండి.