సర్పి మానినా మానని బాధ

చర్మముపై లేచిన పొక్కులు ఎండి, పెచ్చులు రాలి, మచ్చలు మాత్రమే మిగిలినప్పుడు వ్యాధి తగ్గినదని ఇంటివారు ఊరట చెందుతారు. రోగి మాత్రం ఒంటిపై నిప్పు పెట్టినట్లున్నదని మొరపెట్టుకొంటూనే ఉంటాడు. మనవారు సర్పి అనీ, వైద్యులు హెర్పిస్ జోస్టర్ అనీ పిలిచే వ్యాధి కొందరిలో విడిచిపోయే ఈ నాడీబాధను గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. ఇది సాధారణంగా విద్యార్థుల వయస్సువారిని బాధించదు. వారి ఇంటిలోని పెద్దలను బాధిస్తుంది. అయినా ఆ పెద్దలను ఆసుపత్రికి తీసికొనిపోవలసినది విద్యార్థులే కదా!

మా వీధిలో ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయులున్నారు. అందరికీ ఆయన మాస్టర్ సాబ్. డెబ్బది రెండవ యేట ఆయనకు ఎడమవైపు రొమ్ముపై సర్పి వచ్చినది. ఇంటివారు ఎర్రమట్టి పూత వేయించారు, మంత్రము కూడా వేయించారు. నెల తిరిగేసరికి పుండ్లు మానినవి. నాలుగు నెలల తరువాత నేను చూడబోయినప్పుడు, ఆయన కుర్తాను రెండు వ్రేళ్ళతో రొమ్ము నుండి ఎత్తిపట్టుకొని కూర్చొని ఉన్నారు. బట్ట తగిలితే చాలు, కాలినట్లుంటుందన్నారు. పంకా గాలిని కూడా ఓర్వలేకపోతున్నారు. "పైకి ఏమీ లేదు కదా దాదాజాన్, ఊరికే అనుకొంటున్నారు" అని మనుమడు నా ఎదుటనే అన్నాడు. ఆ పిల్లవాడు మన కళాశాల విద్యార్థియే. పెద్దాయన మారుమాట పలుకలేదు.

పైకి ఏమీ లేని మాట నిజమే. వ్యాధి పైన లేదు, లోపల ఉన్నది.

బాల్యములో ఆటలమ్మను కలిగించిన వైరసే సర్పికి కారణము. ఆటలమ్మ తగ్గిన తరువాత ఆ వైరస్ దేహమును విడిచిపోదు. వెన్నుపాము ప్రక్కనున్న నాడీసంధులలో చేరి, దశాబ్దాల పాటు నిద్రాణమై ఉంటుంది. వార్ధక్యము వలననో, ఇతర కారణముల వలననో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు మేల్కొని, ఒక నాడి వెంబడి చర్మము వరకు ప్రయాణిస్తుంది. 1965లో ఈ సంగతిని సమగ్రముగా ప్రతిపాదించిన హోప్ సింప్సన్ గొప్ప ప్రయోగశాలాధిపతి కాదు. ఇంగ్లండులోని సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్టణములో రోగులను చూచుకొనే సామాన్య వైద్యుడు. ఏండ్ల తరబడి తన రోగుల వివరములను ఓపికగా వ్రాసిపెట్టుకొని ఈ నిర్ణయమునకు వచ్చినాడు.

సర్పి పామువలె నడుము చుట్టి, తలయు తోకయు కలిసినచో ప్రాణము పోతుందని మనలో ఒక భయము కలదు. కుడి నాడులు కుడి భాగమునకు, ఎడమ నాడులు ఎడమ భాగమునకు పరిమితములు. కావున పొక్కులు సాధారణంగా దేహమధ్యరేఖ వద్దనే ఆగిపోతాయి. నిజముగా భయపడవలసినది నుదుటిపైన, కంటి చుట్టును, ముక్కు కొనపైన పొక్కులు వచ్చినప్పుడు. అప్పుడు కంటి వైద్యుని వద్దకు ఆ రోజే వెళ్ళవలెను.

వైరస్ నడచిన దారిలో నాడీతంతువులు దెబ్బతింటాయి. దెబ్బతిన్న తంతువు ఏ కారణము లేకుండానే బాధ సంకేతములను పంపుతూ ఉంటుంది. వాటి తాకిడికి వెన్నుపాములోని కణములు కూడా అతిసున్నితములై, స్పర్శను సైతము బాధగా గ్రహిస్తాయి. కుర్తా తగిలితే మంట పుట్టుటకు కారణమిదే. దద్దురు వచ్చిన మూడు నెలల తరువాత కూడా బాధ నిలిచి ఉంటే వైద్యులు దానిని సర్పి అనంతర నాడీబాధగా లెక్కిస్తారు. సర్పి వచ్చిన పదిమందిలో ఇంచుమించు ఒకరికో ఇద్దరికో ఇట్లు జరుగుతుంది. వయస్సు పెరిగినకొలది ఎక్కువ.

జ్వరమునకు వేసికొనే పారాసెటమాల్ ఈ బాధను అంతగా తగ్గించలేదు. నాడిని శాంతింపజేసే మందులు వేరు. మూర్ఛరోగము కొరకు తయారైన గాబాపెంటిన్, దానికి దగ్గరిదైన ప్రిగాబలిన్ వాటిలో ముఖ్యమైనవి. తల తిరుగుట, మత్తు వీటి దోషములు; మూత్రపిండములు బలహీనమైనవారికి మోతాదు తగ్గించవలెను. మరొకటి మనోవ్యాకులతకు ఇచ్చే ఎమిట్రిప్టిలిన్. దీనిని రాత్రివేళ పది మిల్లీగ్రాముల వంటి స్వల్ప మోతాదుతో ఆరంభిస్తారు. ఇక్కడనే చిక్కు వస్తుంది. మందుల దుకాణములోనో, పొరుగింటిలోనో ఎవరో "ఇది పిచ్చికి ఇచ్చే మందు" అంటారు. రోగి అవమానపడి మానివేస్తాడు. మెదడు నుండి వెన్నుపామునకు దిగివచ్చి బాధను అణచే నాడీమార్గములను ఇది బలపరుస్తుంది. మనస్సు సరిలేదని ఇచ్చినది కాదు. అయితే నోరెండుట, మలబద్ధకము, మూత్రము బిగియుట కలుగవచ్చును. గుండెజబ్బు, నీటికాసులు ఉన్నవారు ఆ సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను. ఈ మందులేవీ ఒక్కరోజులో గుణమివ్వవు. కొన్ని వారములు ఓపిక పట్టవలెను; తమంతట తాము హఠాత్తుగా మానరాదు.

పైపూతలలో ఒకటి మనకు చిరపరిచితము. గుంటూరు మిరపకాయకు ఘాటునిచ్చే కాప్సైసిన్‌తో చేసిన లేపనము ఈ బాధకు వాడతారు! 1997లో డేవిడ్ జూలియస్ బృందము మిరప ఘాటును, వేడిని గ్రహించే నాడీగ్రాహకమును కనుగొన్నది. 2021లో ఆయన నోబెల్ బహుమతిని పంచుకొన్నాడు. కాప్సైసిన్ ఆ గ్రాహకమును మొదట రెచ్చగొట్టి, పదేపదే రాసినకొలది ఆ తంతువులను మొద్దుబార్చుతుంది. పుండు పూర్తిగా మానిన చర్మముపైననే రాయవలెను. ఇది చదివి వంటింటి కారము పూయరాదని వేరుగా చెప్పనవసరము లేదనుకొంటాను. లిడోకెయిన్ అంటించు పట్టీలు కూడా కలవు.

ఇవన్నియు బాధ స్థిరపడిన తరువాతి మాటలు. పొక్కులు కనిపించిన 72 గంటలలోపు ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ వంటి మందులు ఆరంభిస్తే వ్యాధి తీవ్రత తగ్గుతుంది, పొక్కులు త్వరగా మానుతాయి. మాస్టర్ సాబ్ విషయములో ఆ మూడు దినములు ఎర్రమట్టికే సరిపోయినవి. యాభై యేండ్లు దాటినవారికి, రెండు మోతాదులుగా ఇచ్చే టీకా 2023 నుండి మన దేశములో లభిస్తున్నది. ఖరీదు సామాన్యునికి భారమే. సర్పి రాకుండా కాపాడుటలో, తద్వారా ఈ బాధను తప్పించుటలో దానికి సాటి మరొకటి లేదు.

మాస్టర్ సాబ్‌ను ఆ మనుమడే నగరములోని నాడీవైద్యుని వద్దకు తీసికొనిపోయినాడు. పరీక్షించిన డాక్టరు, ఇది నిజమైన బాధ అని ఉర్దూలో చెప్పినప్పుడు పెద్దాయన కండ్లు చెమర్చినవట. మందు వాడిన ఆరు వారములకు రాత్రి నిద్ర పట్టసాగినది. బాధ సగము తగ్గినదంటారు, మిగిలిన సగము ఉన్నది. ఇప్పుడు ఇస్త్రీ లేని పాత మల్లు కుర్తా తొడుగుకొని, సాయంత్రము వీధి అరుగుపై కూర్చొని పిల్లలకు అలిఫ్, బే దిద్దిస్తున్నారు.