రేకుల గదిలో భీముడు!

సినిమా హాల్లోంచి బయటికొచ్చే కుర్రాళ్ళ నడక ఎప్పుడైనా గమనించారా? లోపలికి మామూలుగా వెళ్ళినవాడే, వచ్చేటప్పుడు చంకల్లో చెరో పుచ్చకాయ పెట్టుకున్నట్టు చేతులు ఎడంగా పెట్టి నడుస్తాడు. ఆ నడక కొందరికి ఇల్లు చేరేదాకా ఉంటుంది. కొందరికి తెల్లారేదాకా ఉంటుంది. నన్ను మాత్రం మంచం ఎక్కించేదాకా వదల్లేదు!

1999 సంగతి. 'తమ్ముడు' వచ్చిన సంవత్సరం. నాకప్పుడు ఇరవై ఒక్కటి. నారాయణఖేడ్ వైపు పల్లె నుంచి వచ్చి పాశమైలారంలో ఓ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు హెల్పరుగా చేరాను. (కంపెనీ పేరెందుకు లెండి!) ఇస్నాపూర్‌లో పది బై పది రేకుల గది. ముగ్గురం. మూడు షిఫ్టులు. ఒకడు డ్యూటీకి పోతే వాడి చాప మీద ఇంకొకడు పడుకునేవాడు. ఆ సినిమాలో పవన్ కల్యాణ్‌గారు కిక్ బాక్సింగ్ కోసం తయారయ్యే పాట ఉంది చూశారూ, వేళ్ళ మీదుగా కారు పోనిచ్చుకునే పాట! అది చూసి కుర్చీలో నిటారుగా కూర్చున్నవాణ్ణి, మళ్ళీ ఆనుకోలేదు.

మర్నాడే రెండు పాత నూనె డబ్బాలు సంపాదించాను. వాటిల్లో సిమెంటు కలిపి పోసి, మధ్యలో జీఐ పైపు గుచ్చాను. అది గట్టిపడేదాకా రెండ్రోజులు ఓపిక పట్టడమే గొప్ప. తూకం వెయ్యలేదు గానీ యాభై కిలోలకు తక్కువుండదు. రోజూ డ్యూటీలో యాభై కిలోల బస్తాలు మోసేవాణ్ణి, నాకిదెంత అనుకున్నా. ఇద్దరు రూమ్మేట్లూ చప్పట్లు కొడుతుంటే వంగి పట్టుకుని, ఒక్క ఊపున లేపాను. నడుంలో కటుక్కుమంది. అంతే! తొమ్మిది రోజులు చాప మీద. పనికి రాని రోజుకు కూలి లేదు. ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బులు పంపలేకపోయాను. ఇరవై ఏళ్ళు దాటిపోయినా ఆ నెల అమ్మ రాయించిన ఉత్తరం గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

సేటు బరువు - నా బరువు

మా లైనులోనే ఓ ముసలాయన ఉండేవాడు. పక్క షెడ్డుకు రాత్రి వాచ్‌మన్. వయసులో హైదరాబాదు పాతబస్తీలో ఒక తాలీంలో మట్టి తొక్కినవాడు, చుట్టుపక్కల జాతరల్లో కుస్తీలు పట్టినవాడు. చెవులు చితికిపోయి గట్టి వడల్లా ఉండేవి. పహిల్వాన్ తాత అనేవాళ్ళం. పదో రోజు గోడ పట్టుకుని నడుస్తుంటే చూసి నవ్వాడు.

"ఏం బిడ్డా, బస్తాలు మోస్తున్న, నాకేం గాదనుకున్నవా? గది సేటు బరువు. మోసుడు వేరే, కసరత్తు వేరే."

ఆ మాట అప్పుడు నాకు ఎక్కలేదు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం షెడ్లలో పనిచేసే ప్రతి కుర్రాడూ అనేదే కదా ఇది: 'పన్నెండు గంటలు ఒళ్ళు హూనమౌతోంది, ఇక కసరత్తెందుకన్నా?' కానీ ఆలోచించండి. డ్యూటీలో రోజూ అదే బస్తా, అదే భుజం, అదే వంగుడు. ఎంత మొయ్యాలో లారీ చెబుతుంది, ఎంత తొందరగా మొయ్యాలో మేస్త్రీ చెబుతాడు. అలిసినా ఆగడానికి లేదు. కసరత్తులో బరువూ మనదే, ఆగడమూ మన ఇష్టమే. కండ అనేది ఎత్తేటప్పుడు పెరగదు బాబూ, ఎత్తి విశ్రాంతి ఇచ్చినప్పుడు, తిన్నప్పుడు, నిద్రపోయినప్పుడు పెరుగుతుంది. డ్యూటీలో ఆ విశ్రాంతే ఉండదు. ఉద్యోగంలో మోసే శ్రమా, తీరికవేళ చేసే వ్యాయామమూ గుండెకు ఒకే రకం మేలు చెయ్యడం లేదని డెన్మార్క్ పరిశోధకులు ఏళ్ళ తరబడి లెక్కలు తీసి చెబుతున్నారు. తాత ఏ లెక్కలూ తియ్యలేదు, అయినా అదే చెప్పాడు.

గోడతో కుస్తీ!

నేను గదలూ, సంగిడి రాళ్ళూ ఇప్పిస్తాడేమో అని ఆశపడ్డాను. తాత నన్ను తీసుకెళ్ళి గోడ ముందు నిలబెట్టాడు. "దొబ్బు" అన్నాడు. ఏం దొబ్బాలి? గోడని! రెండడుగుల దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, ఒళ్ళు కర్రలా ఉంచి ముందుకు వంగడం, వెనక్కి నెట్టుకోవడం. పన్నెండు సార్లు. లైనులో ఆడవాళ్ళు బిందెలు దించి మరీ నవ్వారు. భుజాలు విరుచుకుని తిరగాల్సినవాణ్ణి గోడకు మొక్కుతున్నాను!

అయితే ఆ గోడే మెట్టయింది. గోడ మీద పన్నెండేసి మూడు విడతలు సులువైపోయాక మంచం పట్టె మీద. అదీ సులువయ్యాక నేల మీద మోకాళ్ళు ఆనించి. ఆ తర్వాతే అసలు దండీలు. గోడ నుంచి నేలకు రావడానికి నాకు మూడున్నర నెలలు పట్టింది. తాత లెక్కకు చింతగింజలు వాడేవాడు. ఒక విడతకు ఒక గింజ ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి. దొంగలెక్క రాయడానికి వీల్లేదు!

బస్కీలూ అంతే. మొదట మంచం మీద కూర్చుని చేతులు ఊతం లేకుండా లేవడం. తర్వాత పిర్రలు మంచానికి అలా తగిలీ తగలకుండా లేవడం. ఆ తర్వాత మంచమే తీసెయ్యడం. మోకాళ్ళు లోపలికి వాలిపోకూడదు, మడమలు నేల వదలకూడదు. కష్టపడేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు, లేచేటప్పుడు వదలాలి.

నా నడుం విరగ్గొట్టిన తప్పు మాత్రం తాత వారం రోజులు దిద్దాడు. గోడకు వీపు పెట్టి ఒక అడుగు ఎడంగా నిలబడాలి. మోకాళ్ళు కాస్త వదులు చేసి, వీపు వంచకుండా, పిర్రలు వెనక్కి జరిపి గోడకు తాకించాలి. తాకిందా? ఇప్పుడు లేవాలి. ఇంతే. బరువు ఎత్తేటప్పుడు నడుం దగ్గర కాదు, తుంటి దగ్గర మడత పడాలని ఒంటికి నేర్పడం ఇది. వినడానికి పిల్లలాటలా ఉంటుంది. కానీ ఈ ఒక్కటీ వచ్చాక డ్యూటీలో బస్తా ఎత్తే తీరే మారిపోయింది. ఆ తర్వాత నడుం మళ్ళీ పట్టెయ్యలేదు. ఈ వ్యాసంలో మిగతావన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు, షెడ్లలో పనిచేసే తమ్ముళ్ళు ఇది మాత్రం ఇవాళే చేసి చూడండి.

మరి బరువులో? నీళ్ళు! లీటరు నీళ్ళు కిలో తూగుతాయి. అయిదు లీటర్ల క్యానులో ఎన్ని లీటర్లు పోస్తే అన్ని కిలోలు. దీనికంటే మంచి తూకపురాయి ఏ జిమ్ములో దొరుకుతుంది చెప్పండి? ముందుకు వంగి, వీపు నిటారుగా ఉంచి, క్యానును నడుం దాకా లాగితే వీపు కండలకు పని. రెండు చేతుల్లో రెండు క్యాన్లు పట్టుకుని సందు చివరిదాకా నడిస్తే పట్టుకు పని. పన్నెండు సార్లు చేశాక ఇంకో రెండు చెయ్యగలను అనిపిస్తుండగానే ఆపాలి. అలా రెండు వారాలు సాఫీగా సాగితే అర లీటరు పెంచాలి. అర లీటరే! పూర్వం గ్రీకువీరుడు మైలో రోజూ ఒక దూడను ఎత్తుకునేవాడట, దూడ ఎద్దయ్యేసరికి ఎద్దును ఎత్తుకున్నాడట. కథ సంగతి ఎలా ఉన్నా, మన క్యానులో దూడ అర లీటరు చొప్పున పెరుగుతుంది.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, ఇరవై నిమిషాలు. రాత్రి షిఫ్టు దిగిన వెంటనే మాత్రం వద్దు. ముందు పడుకోండి, లేచాక చెయ్యండి. మొదట్లో రెండోరోజు కండలు సలుపుతాయి, అది మామూలే. కీలులో సూదిలా పొడిస్తే మాత్రం ఆపేయాల్సిందే. బీపీ, హెర్నియా, గుండెజబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరునడిగి మొదలుపెట్టాలి. మిగతా రోజుల్లో చురుగ్గా నడవండి. వారానికి కనీసం నూటయాభై నిమిషాల నడక, రెండు రోజులు కండల కసరత్తు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది కూడా ఇదే. ముంబాయి హైవే పక్కన లారీల పొగలో పరుగులు తీయకండి బాబూ, ఊరి లోపలి దారులు చూసుకోండి.

తెర మీది కండలు

సినిమా పత్రిక కదా, సినిమా సంగతి రాకుండా ఎలా! 'నర్తనశాల' (1963) చూసినవాళ్ళకు కీచకుడిగా ఎస్వీ రంగారావుగారు గుర్తుంటారు. ఆయన్ని మట్టుబెట్టిన భీముడెవరో ఎంతమందికి తెలుసు? దండమూడి రాజగోపాలరావుగారు. మేకప్ భీముడు కాదు, నిజం భీముడు! వెయిట్‌లిఫ్టర్. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో పతకం తెచ్చిన మనిషి. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆయన కండలు ఒక సినిమా కోసం పెంచినవి కావు, కండలుండబట్టి సినిమా వచ్చింది. మన శ్రీహరిగారి కథా అంతే. మాలాంటి షెడ్ల మధ్యే, బాలానగర్‌లో పెరిగి, మిస్టర్ హైదరాబాద్ అనిపించుకుని, ఫైట్ల మీదుగా హీరో అయ్యాడు. 2013లో ఆయన పోయినరోజు మా లైనులో చాలామంది అన్నం తినలేదు.

2007లో 'దేశముదురు' వచ్చాక మా కుర్రాళ్ళందరికీ సిక్స్ ప్యాక్ పిచ్చి పట్టింది. తప్పేం లేదు. కానీ ఒక్క సంగతి. చొక్కా విప్పే షాటు కోసం ఉప్పూ నీళ్ళూ తగ్గించుకోవడం, షాటు ముందు కండలు బిగిసేలా నాలుగు దండీలు తీయడం, పక్క నుంచి లైటు వేయడం సినిమా లోకంలో ఉన్న పద్ధతులే. ఆ ఒక్కరోజు ఒళ్ళు ఏడాదంతా ఏ హీరోకీ ఉండదు. మే నెల ఎండల్లో, కాలే రేకుల కింద పనిచేసేవాడు నీళ్ళు మానేస్తే సిక్స్ ప్యాక్ కాదు, సెలైన్ బాటిలే! ఇంకా ఎవడైనా 'ఒక్క సూది, మూడు నెలల్లో బాడీ' అంటే ఆ గుమ్మం మళ్ళీ తొక్కకండి. స్టెరాయిడ్లు గుండెనూ, కాలేయాన్నీ, మగతనాన్నీ కూడా దెబ్బతీస్తాయి.

ఇక తిండి. మా రూమ్మేటొకడు పదిహేను రోజుల కూలి పెట్టి ప్రొటీన్ డబ్బా కొన్నాడు. తమాషా ఏమిటంటే, వాడు డబ్బా కొనుక్కొచ్చిన దారి పక్కనే ఇక్రిశాట్ గోడ! 1972 నుంచి ఆ గోడ లోపల శాస్త్రవేత్తలు పరిశోధిస్తున్నవేమిటి? జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ. అంటే మన ఇళ్ళలో తినేవే. గుప్పెడు శనగలు, ఓ యాభై గ్రాములు, నానబెట్టుకుంటే పది గ్రాముల మాంసకృత్తులు. గుడ్డుకు ఆరు. జొన్నరొట్టె, చిక్కటి పప్పు, ఓ పిడికెడు పల్లీలు, గ్లాసు మజ్జిగ వేసుకోండి, లెక్క ఎక్కడికో పోతుంది. అరవై కిలోల మనిషికి మామూలుగా రోజుకు యాభై గ్రాములు చాలు. కసరత్తు చేసేవాడైతే డెబ్బై నుంచి తొంభై. డబ్బా విషం కాదు, కానీ అవసరమూ కాదు. కల్లు తాగితే బలం అనే మా పెద్దల మాట మాత్రం, వాళ్ళ మీద గౌరవంతోనే, పక్కన పెడుతున్నాను.

అమ్మాయిలూ, మీకు కాదనుకుని పేజీ తిప్పేయబోతున్నారా? శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు ఎత్తుల్లో కలిపి 240 కిలోలు లేపింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ మన తెలుగు పిల్లే. మా ఆవిడ ప్యాకింగ్ సెక్షన్‌లో ఎనిమిది గంటలు నిలబడి పనిచేస్తుంది. 'నీ కసరత్తు నీది, నా బిందెలు నావి' అని చాలా ఏళ్ళు నన్ను ఎగతాళి చేసింది. మోకాళ్ళు పట్టేయడం మొదలయ్యాక ఓరోజు తనే మంచం అంచున కూర్చుని లేవడం మొదలుపెట్టింది. ఇప్పుడు రెండు చేతుల్లో రెండు ఎనిమిది లీటర్ల క్యాన్లతో సందు చివరిదాకా నడుస్తుంది. నేను ఏడున్నర దగ్గర ఉన్నాను. అరలీటరు సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

పహిల్వాన్ తాత పోయి చాలా కాలమైంది. నా సిమెంటు డబ్బాల బారు మాత్రం ఇంకా ఉంది. మా వాకిట్లో బట్టలారేసే తాడుకు ఒక పక్క అదే ఆధారం.

మొన్న మావాడు, పద్దెనిమిదేళ్ళవాడు, ఫస్ట్ షో నుంచి వచ్చాడు. చేతులు ఎడంగా పెట్టుకుని! జిమ్ముకు డబ్బులడిగాడు. నేను లోపలికి వెళ్ళి అయిదు లీటర్ల ఖాళీ క్యానొకటి తెచ్చి చేతిలో పెట్టాను. దాని వంక చూశాడు, నా వంక చూశాడు, వాళ్ళమ్మ వంక చూశాడు. తర్వాత కుళాయి దగ్గరికెళ్ళి మూతిదాకా నింపుకుని వచ్చాడు. ఏమీ అనకుండా అందులోంచి మూడు లీటర్లు బకెట్లోకి వొంపేసి, "ముందు గోడ దగ్గర నిలబడు" అన్నాను.